తాడు కట్టిన జాగా

కెమిస్ట్రీ ల్యాబు వెనక ఉన్న ఆ కాస్త జాగాని చూసి ముచ్చటపడినవాళ్లు కాలేజీలో ఒక్కరూ లేరు. నాలుగు మూలలా కర్రలు పాతి, చుట్టూ నీలం నైలాను తాడు కట్టి, అట్టముక్క మీద ‘లోపలికి రావద్దు’ అని రాసి ఉంటుంది. లోపల ఉన్నదల్లా గరిక, తుంగ, పల్లేరు, ఇంకా పేరు పెట్టి పిలిచే ఓపిక ఎవరికీ లేని రకరకాల మొక్కలు. ఎవరూ నాటినవి కావు, ఎవరూ నీళ్లు పోసినవీ కావు. వాటి మానాన వాటిని వదిలేస్తే ఏది ముందొస్తుంది, ఏది దేన్ని తోసేస్తుంది, ఏది ఓర్చుకుని మిగులుతుంది అని చూడటమే అక్కడ జరిగే పని. ఆ పని చేసేది పర్యావరణ విభాగం లెక్చరరు ఒక్కతే. ఆ విభాగంలో ఉన్నదే ఆవిడొక్కతి కాబట్టి వేరే దారి కూడా లేదు.

పిల్లలు ఆవిడకి కలుపు మేడమ్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తనకి తెలుసన్న సంగతి మాత్రం వాళ్లకి తెలియనివ్వదు.

సోమవారం సాయంత్రం ఎప్పట్లాగే గోనెపట్టా మడిచి మోకాళ్ల కింద వేసుకుని కూర్చుంది. చదరంగా వంచిన తీగ చట్రాన్ని నేలమీద పరిచి, దాని లోపల పడ్డ ప్రతి మొక్కనీ వేలితో తాకుతూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. అనుమానం వచ్చినచోట ఆకు తిప్పి భూతద్దం పెట్టింది. ఒక్కటీ పీకలేదు. లెక్క నోటుపుస్తకంలో రాసుకున్నాక ఆ చదరానికి గుర్తుగా పాతిన చెక్కమేకు మీద నంబరు వెలిసిందేమో చూసి, మార్కరుతో దిద్ది, పక్క చదరానికి జరిగింది. ఆరేళ్లుగా వారం తప్పకుండా ఇదే వరస. వానలో గొడుగుని మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని కూడా చేసింది.

ఆ రోజు మాత్రం ఆవిడ మనసు లెక్క మీద లేదు. పొద్దున్న ప్రిన్సిపాల్ పిలిచి మాట్లాడాడు. పర్యావరణం పేపరు అందరూ రాస్తారు, అందరూ పాసవుతారు, ఆ మర్నాటికి అందరూ మర్చిపోతారు. విభాగమన్నాక చుట్టూ పిల్లలు మూగాలి, సందడి ఉండాలి, నలుగురూ కలిసి ఏదో చేస్తున్నట్టు కనబడాలి. శుక్రవారం పరిశీలనకి వస్తున్నవాళ్లు అదే చూస్తారు. కనబడకపోతే వచ్చే ఏడాది నుంచి ఆ పేపరుని ఇంటిదగ్గర చదువుకోమని చెప్పి, గదినీ వెనక జాగానీ సైకిలు స్టాండుకి ఇచ్చేస్తారు. 

“మీరు కష్టపడరని ఎవరూ అనరమ్మా,” అన్నాడాయన. “కానీ ఒక్కరే కష్టపడితే దాన్ని డిపార్ట్‌మెంట్ అనరు.”

మధ్యాహ్నం క్లాసులో ఆవిడ అడిగింది. అడగడం కూడా ఆవిడకి సరిగ్గా చేతకాలేదు. శనివారాలు ఎవరైనా వస్తే బాగుంటుందని, రాకపోయినా ఫర్వాలేదని ఒకే గుక్కలో చెప్పేసింది. రాకపోయినా ఫర్వాలేదన్న ముక్క మాత్రం అందరికీ శుభ్రంగా వినబడింది. వెనక బెంచీ కుర్రాడు, నోటికి విశ్రాంతి ఇవ్వడు గనక అందరూ రేడియో అని పిలిచేవాడు, వస్తే అటెండెన్సు వేస్తారా అని అడిగాడు. అందరూ నవ్వారు. ఈలోగా గంట కొట్టారు.

ఆఖరి చదరం ముగించి నడుం పట్టుకుని లేస్తుంటే, ల్యాబు వెనక మెట్ల మీద కూర్చున్న అమ్మాయి కనబడింది. ఏడాది మధ్యలో వేరే కాలేజీ నుంచి వచ్చి చేరిన పిల్ల. మధ్యాహ్నం డబ్బా తినేది అక్కడే, సాయంత్రం బస్సు టైమయ్యేదాకా కూర్చునేది కూడా అక్కడే. తోటివాళ్లు మెట్ల పిల్ల అంటారు. అదీ ఎదురుగా కాదు, ఆ పిల్ల లేనప్పుడు.

“వారం వారం ఏం వెతుకుతారు మేడమ్ అందులో?” అని అడిగింది ఆ అమ్మాయి.

ఇన్నాళ్లకి ఒకళ్లు అడిగారు. చెప్పాలంటే చాలా ఉంది. మొదటి ఏడాది పల్లేరు ఎలా పరుచుకుందో, గరిక దాని కిందినుంచి ఎలా పాకి వచ్చిందో, ఎక్కడినుంచి వచ్చాయో తెలియని రెండు మొక్కలు కిందటేడు ఎలా కుదురుకున్నాయో చెప్పాలి. చెప్తే ఆ పిల్ల తల ఊపుతుంది, రేపు క్లాసులో ఎవరికో చెప్తుంది, ఆ పైన రేడియో అందుకుంటాడు. ఆవిడకి ఒళ్లు నొప్పులుగా కూడా ఉంది.

“ఏం లేదమ్మా, ఊరికే చూస్తుంటాను,” అని గోనెపట్టా దులుపుకుని వెళ్లిపోయింది.

ఆ నొప్పులు తెల్లారేసరికి జ్వరమయ్యాయి. ఆవిడ ఉండేది మేడమీద ఒంటిగది. మంచం మీంచి చూస్తే స్టవ్వు, స్టవ్వు దగ్గర్నుంచి చూస్తే మంచం. అక్క ఫోన్ చేసింది. గొంతు వినగానే పట్టేసి, దగ్గర ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఉన్నారని చెప్పింది చెల్లెలు. ఎవరు అని అడిగితే కాలేజీవాళ్లు అంది. అబద్ధం ఆడటానికి కూడా మనిషి పేరొకటి తోచకపోవడం చూసి తనమీద తనకే జాలేసింది. బ్రెడ్డు ముక్కలు పాలల్లో ముంచుకు తిని, మాత్ర వేసుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. బుధవారం కూడా అంతే. జ్వరం కన్నా ఎక్కువ బాధపెట్టింది ఒకటే ఆలోచన. శుక్రవారం వాళ్లు వస్తారు, చుట్టూ చూస్తారు, తనొక్కతే నిలబడి ఉంటుంది.

గురువారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. మెట్ల పిల్ల. ఆ పిల్ల గొంతు వెనకాల చాలా గొంతులు, నవ్వులు, ఎవరో ఎవర్నో బకెట్టు తెమ్మని కేకెయ్యడం వినబడ్డాయి.

“రేపు తప్పకుండా వస్తారు కదా మేడమ్?”

“వస్తానమ్మా. ఏమైంది?”

“ఊరికే మేడమ్. మీరు రావాలి, అంతే.”

ఫోన్ పెట్టేశాక ఆవిడ పడుకోలేకపోయింది. తను వస్తుందా రాదా అని అడిగినవాళ్లు ఒకరున్నారు. లేచి మొహం కడుక్కుంది. కాళ్లు తేలిపోతున్నా నిలబడి, శుక్రవారానికి బట్టలు ఇస్త్రీ చేసుకుంది.

శుక్రవారం గేటు దగ్గరే మెట్ల పిల్ల, రేడియో కాచుకుని ఉన్నారు. కళ్లు మూసుకోవాలన్నారు. ఈ వయసులో ఇదేం ఆటరా అంటూనే ఆవిడ మూసుకుంది. అమ్మాయి ఒక మోచెయ్యి పట్టుకుంది, రేడియో ముందు నడుస్తూ మెట్టుంది మేడమ్, గుంటుంది మేడమ్ అని లేని గుంటలు కూడా చెప్పాడు. జ్వరం విడిచిన ఒంటికి ఎండ హాయిగా తగిలింది. ల్యాబు దాటి పక్కకి తిప్పారని అడుగులనిబట్టి తెలిసింది. అప్పుడు కూడా ఆవిడకి అనుమానం రాలేదు.

“ఇప్పుడు తెరవండి మేడమ్.”

తాడు లేదు, కర్రలు లేవు. అట్టముక్క కూడా లేదు. గరిక, తుంగ, పల్లేరు, ఏమీ లేవు. నేల తవ్వి, చదును చేసి, చీపురుతో ఊడ్చినట్టు ఎర్రగా ఉంది. చుట్టూ సున్నం కొట్టిన ఇటుకల్ని ఏటవాలుగా పాతారు. మధ్యలో బంతిమొక్కలు రెండు వరసలు, మూలకొక క్రోటను, ఎవరింట్లోంచి తెచ్చారో గులాబీ కుండీలు. కొత్త రంగుతో బోర్డు. దాని వెనక క్లాసు క్లాసంతా, ఎప్పుడూ క్లాసుకి రానివాళ్లతో సహా, నవ్వు ఆపుకుంటూ నిలబడి ఉంది. కొందరి అరచేతులకి బొబ్బలు, వాటికి ప్లాస్టర్లు.

మెట్ల పిల్ల ఒక అట్టపెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. అందులో చెక్కమేకులు. నీళ్లతో కడిగి, ఒక్క మార్కరు గీత లేకుండా తుడిచి, రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కట్టారు. 

“పారెయ్యలేదు మేడమ్. మీవి కదా.”

“మళ్లీ ఒక్క గడ్డిపోచ రాకుండా మందు కూడా కొట్టాం,” అన్నాడు రేడియో. “రెండుసార్లు.”

ఆవిడకి చచ్చినంత పనైంది. పక్కకి వాలింది. జ్వరం నీరసమనుకుని ఎవరో పరిగెత్తి కుర్చీ తెచ్చారు, ఎవరో మంచినీళ్ల సీసా అందించారు, ఇద్దరమ్మాయిలు పుస్తకాలతో విసిరారు. ఇంతమంది ఇంత దగ్గరగా తన మొహంలోకి చూడటం ఆవిడ ఎరగదు. అందరిదీ ఒకటే ప్రశ్న. బాగుందా మేడమ్, బాగుందా?

“చాలా బాగుంది,” అంది.

చప్పట్లు కొట్టారు. అవి ఇంకా ఆగకముందే ప్రిన్సిపాల్ పరిశీలనకి వచ్చిన ముగ్గురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ వెనక్కి రావడం అదే మొదలు. పిల్లల్ని చూశాడు, ఇటుకల్ని చూశాడు, ఆవిడని చూసి తనే నాటినంత గర్వంగా నవ్వాడు. వచ్చినవాళ్లు పిల్లల్ని ప్రశ్నలడిగారు, రేడియో అన్నిటికీ జవాబులు చెప్పాడు, అడగనివాటికి కూడా చెప్పాడు. ఫొటోలు దిగారు. ఆవిడని మధ్యలో కూర్చోబెట్టారు. వాళ్లలో ఒకావిడ, ఇంతకుముందు ఇక్కడ ఏముండేదని అడిగింది. 

“ఏమీ లేదండి. ఖాళీ జాగా,” అన్నాడు ప్రిన్సిపాల్.

ఆవిడ విన్నది. అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని ఫొటో తీస్తున్నవైపు చూసింది.

మధ్యాహ్నం ఆవిడని గదిలోకి వెళ్లనివ్వలేదు. నీడలో దుప్పటి పరిచి, డబ్బాలు విప్పి, జరగండి జరగండి మేడమ్‌కి చోటివ్వండి అని ఒకళ్లనొకళ్లు తోసుకున్నారు. తలా కాస్త తెచ్చి ఆవిడ ముందున్న మూతలో పెట్టారు. కలుపు మేడమ్ అనే పేరు పెట్టింది తనేనని రేడియో లెంపలు వేసుకుని ఒప్పుకున్నాడు. నాకు తెలుసులే అందావిడ. అందరూ గొల్లుమన్నారు. ఇకనుంచి ప్రతి శనివారం వస్తామని, నీళ్లు పోస్తామని, ఒక్క కలుపుమొక్క కూడా ఉండనివ్వమని మాటిచ్చారు. ఆరేళ్లలో తనకోసం ఎవరూ జరిగి చోటిచ్చింది లేదు. తను ప్రాణంగా చూసుకున్నదాన్ని వేళ్లతో సహా పీకేసినవాళ్ల మధ్య కూర్చుని తింటోంది, పైగా తింటున్నది రుచిగా ఉంది. ఆ రుచికి ఆవిడకి తనమీద అసహ్యం వేసింది. అయినా మూతలో ఏమీ మిగల్చలేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక గదిలో కూర్చుని, మేకుల కట్ట ఒకటి విప్పి మళ్లీ కట్టింది. తలుపు దగ్గర మెట్ల పిల్ల నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే వచ్చింది, కూర్చోమంటే కూర్చోలేదు.

“తప్పు చేశాం కదా మేడమ్?”

ఆవిడ కట్టని తిరిగి పెట్టెలో పెట్టింది.

“అందర్నీ పోగుచేసింది నేనే. మీరు క్లాసులో అడిగారు, ఎవరూ పలకలేదు, నాకు కష్టమనిపించింది. మంగళవారం మీరు రాలేదు. మీరొచ్చేలోపు శుభ్రం చేసిపెడదామన్నాను. అంతమంది వస్తారని నేనే అనుకోలేదు. మేకులు కడిగే పని నేను తీసుకున్నాను. తుడుస్తుంటే నంబర్లు కనబడ్డాయి, అన్నీ వరసలో ఉన్నాయి. ఊరికే ఎవరు రాస్తారు అలా? మీరు వారం వారం మోకాళ్లమీద కూర్చునేది దీనికోసమేనని అప్పుడు తట్టింది.” ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. “అప్పటికి సగం జాగా అలాగే ఉంది మేడమ్. మందు కూడా కొట్టలేదు.”

“మరి ఆపలేకపోయావా?”

“అందరూ నాతో మాట్లాడుతున్నారు మేడమ్. చేరినప్పట్నుంచీ అదే మొదటిసారి.”

ఆవిడకి కోపం రావలసిన చోటు అది. రాలేదు. పొద్దున్న తను చాలా బాగుందన్నదీ, మధ్యాహ్నం దుప్పటి మీద కూర్చున్నదీ ఇందుకే కదా. ఇప్పుడు నిజం బయటికొస్తే పోగుచేసింది ఎవరంటారు, బొబ్బలెక్కించింది ఎవరంటారు, ఈ పిల్ల మళ్లీ మెట్లమీదికి పోతుంది. తన దుప్పటి కూడా పోతుంది. ఇందులో ఏది పిల్లకోసం, ఏది తనకోసం అని విడదీసి చూసుకునే ధైర్యం ఆవిడకి లేకపోయింది.

“తప్పేం లేదమ్మా,” అంది పెట్టె మూత సర్దుతూ. “ఉత్త గడ్డే కదా.”

అమ్మాయి ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. సరే మేడమ్ అని వెళ్లిపోయింది. నమ్మలేదని ఇద్దరికీ తెలుసు.

శనివారం మాటిచ్చినట్టే వచ్చారు. వరసగా నిలబడి కుళాయి దగ్గర్నుంచి బకెట్లు అందుకుంటూ, ఒకళ్లమీద ఒకళ్లు చల్లుకుంటూ బంతిమొక్కలకి నీళ్లు పోశారు. ఆవిడ ఇటుకలవతల నిలబడి చూస్తోంది. ఈ సందడి కావాలనే కదా పొద్దున్న లేస్తూనే ఏమీ చెప్పకూడదని నిశ్చయించుకుంది. మెట్ల పిల్ల చేతిలో మగ్గు కింద పెట్టి, తడిచేతులు దుస్తులకి తుడుచుకుని, అందరికీ ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఒక్క నిమిషం వినండి,” అంది. మొదటిసారి అన్నది ఎవరికీ వినబడలేదు. మళ్లీ గట్టిగా అంది.

చెప్పింది. సాగదియ్యలేదు, ఏడవలేదు. ఇది ఖాళీ జాగా కాదని, ఆరేళ్లుగా మేడమ్ వారం వారం లెక్కపెడుతున్నారని, మనం పీకింది ఆ లెక్కంతా అని, సగం పనిలో తనకి అనుమానం వచ్చిందని, వచ్చినా నోరు విప్పలేదని చెప్పింది.

ఎవరో వెళ్లి కుళాయి కట్టేశారు. బొబ్బల మీద ప్లాస్టరు వేసుకున్న అమ్మాయి ఒకతి, తెలిసి కూడా మాచేత పీకించావా అంది. ఇంకొకడు, రెండ్రోజులు ఎండలో చచ్చాం కదే అన్నాడు. ఆ పైన పక్కన నిలబడ్డవాళ్లు కాస్త కాస్త జరిగారు. ఎవరూ కావాలని చెయ్యలేదు. చూస్తుండగానే మెట్ల పిల్ల చుట్టూ ఖాళీ ఏర్పడింది.

ఆ ఖాళీ ఎలాంటిదో ఆ కాలేజీలో ఆవిడ కన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. ఇటుకలు దాటి వచ్చి అమ్మాయి పక్కన నిలబడింది.

“తాడు కట్టింది నేను,” అంది. “ఎందుకు కట్టానో మీలో ఒక్కరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారనుకున్నాను. ఈ అమ్మాయి సోమవారం నోరు తెరిచి అడిగింది, అప్పుడు కూడా చెప్పలేదు. లోపలికి రావద్దని రాసిపెట్టి, ఎవరూ రావట్లేదని ఆరేళ్లు ఏడ్చుకున్నాను. నిన్న చూడగానే ఏం పోయిందో నాకు తెలుసు. తెలిసే బాగుందన్నాను, మీతో కూర్చుని తిన్నాను. నిన్న సాయంత్రం ఈ పిల్ల నా గదికొచ్చి ఒప్పుకుంటే, తప్పేం లేదని అబద్ధం చెప్పి పంపాను. తనకి వచ్చింది అనుమానం. నాకు రూఢిగా తెలుసు. అనదలచుకుంటే నన్నే అనండి.”

ప్లాస్టరమ్మాయి నేలచూపులతో, “మరి ఫొటోలు దిగారు కదా మేడమ్?” అంది.

“దిగానమ్మా.”

ఆ మాటకి వాళ్ల మొహాల్లో ఏదో మూసుకుంది. మంచిమనిషి అనుకుని దగ్గరికి తీసుకుంటే ఇలా చేసిందేమిటనే చూపు. అది న్యాయమైన చూపేనని ఆవిడకి అనిపించింది.

“పోనీ ఇంకో రెండ్రోజులు సెలవు పెట్టండి మేడమ్,” అన్నాడు రేడియో చివరికి. “పాతలాగే పెట్టేస్తాం.”

మెట్ల పిల్లకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ముక్కు చీదింది. అది చూసి ఒకరిద్దరు నవ్వారు. ప్లాస్టరమ్మాయి వచ్చి ఆ పిల్ల జబ్బమీద ఒకటి వేసింది, గట్టిగానే. ఆ తర్వాత చెయ్యి తియ్యలేదు. బకెట్లు బోర్లించి, వెళ్లొస్తాం మేడమ్ అని మర్యాదగా చెప్పి, గుంపుగా వెళ్లిపోయారు. మెట్ల పిల్ల వాళ్ల మధ్యలో ఉంది. ఆ రోజు ఎవరూ దుప్పటి పరచలేదు.

సోమవారం ఆవిడ ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన సావధానంగా విని, చాలా మంచి రిపోర్టు వచ్చిందని, విభాగానికి ఢోకా లేదని, పిల్లలే సంఘం పెట్టుకుంటామని అడిగారని, ఆ అమ్మాయినే పెద్దగా ఎన్నుకున్నారని చెప్పాడు. ఆరేళ్ల గడ్డి సంగతి మరి ఇంకెవరి దగ్గరా ఎత్తవద్దని కూడా చెప్పాడు.

సాయంత్రం వెనక జాగాకి వెళ్లింది. బంతులు దర్జాగా ఉన్నాయి. వాటి మధ్య నేలమీద చెయ్యి పెట్టి చూసింది. ఏమీ లేదు. మందు కొట్టిన నేలలో మొలక రావడానికి నెలలు పడతాయో ఏడాది పడుతుందో ఆవిడకే తెలియదు. ఏది ముందొస్తుందో అంతకన్నా తెలియదు. మళ్లీ మొదట్నుంచి చూడాలి, అంతే.

గ్రౌండు అవతల పిట్టగోడ మీద పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. రేడియో చేతులు తిప్పుతూ ఏదో చెప్తున్నాడు. నవ్వులు ఇక్కడిదాకా వినబడుతున్నాయి. మధ్యలో కూర్చున్న అమ్మాయి ఇటు చూసి నవ్వు ఆపేసింది. గోడమీద చెయ్యి ఆన్చి, కిందికి దూకబోయింది.

ఆ పిల్ల వస్తే బాగుండునని ఆవిడకి గట్టిగా అనిపించింది. వస్తే పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు చెప్పనిదంతా చెప్పవచ్చు. వచ్చినమ్మాయి వెనక వాళ్లు వస్తారని మాత్రం ఏమీ లేదు. అక్కడ గోడమీద ఖాళీ అయిన చోటుని ఇటూ అటూ జరిగి పూడ్చేసుకోవడానికి వాళ్లకి ఎంతోసేపు పట్టదు.

ఆవిడ చెయ్యెత్తి, అక్కడే కూర్చోమన్నట్టు ఊపింది.

అమ్మాయి ఆగింది. సగం దూకినదల్లా అలాగే ఉండి, సరిగ్గా చూశానా అన్నట్టు తల వంచి చూసింది. ఆవిడ మళ్లీ ఊపింది, ఈసారి నవ్వుతూ. రేడియో ఏదో అన్నాడు. అమ్మాయి సర్దుకుని కూర్చుని వాళ్లవైపు తిరిగింది.